ముందు ఎత్తు కొలిపించుకోండి: బేరియాట్రిక్ సర్జరీకి (బరువు తగ్గే ఆపరేషన్‌కి) ఇన్సూరెన్స్ రావాలంటే కాగితాలు ఎలా సిద్ధం చేసుకోవాలి

మా అప్ప, అంటే అక్క, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలని ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా నమ్ముతూ వచ్చాం. పెళ్ళిచూపులనాడు అమ్మ చెప్పిన లెక్క అది. ఆమదాలవలసలో ఒక క్లినిక్‌లో కాంపౌండర్ "ఐదూ రెండుంటావేటమ్మా?" అంటే అప్ప తలూపింది, ఆయన చీటీ మీద రాసేశాడు. ఆ అంకె చీటీలోంచి విశాఖపట్నం ఆసుపత్రి ఫైల్లోకి, ఫైల్లోంచి ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్ళింది. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే అంకె, 35 లేదు కనుక క్యాష్‌లెస్ (కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టడం) ఇవ్వలేమని జవాబొచ్చింది. అప్ప బరువు అప్పటికి 86.4 కిలోలు, సుగరు మందులకు లొంగడం లేదు. తర్వాత గోడకి నిలబెట్టి కొలిస్తే తేలిన ఎత్తు 154 సెంటీమీటర్లు. అంటే ఐదడుగుల మీద అరంగుళం చిల్లర. పెళ్ళికొడుకు వారి కోసం పెంచిన మూడున్నర సెంటీమీటర్లు అన్నేళ్ళ తర్వాత లక్షల బిల్లుకి అడ్డం పడ్డాయి.

బరువు తగ్గే ఆపరేషన్‌కి బీమా ఇస్తుందా అని మా శ్రీకాకుళం వైపు, విజయనగరం వైపు చుట్టాలు నన్ను తరచూ అడుగుతుంటారు. ఇస్తుంది, కానీ మిమ్మల్ని చూసి ఇవ్వదు. కంపెనీలో ఫైలు తిరగేసే మనిషికి మీ ఆయాసం కనపడదు, మెట్లెక్కలేక మధ్యలో కూర్చోవడం కనపడదు. ఆయన ముందున్నవి నాలుగు అంకెలు, రెండు సంతకాలు. అవి సరిగ్గా ఉండేలా చూసుకోవడం ఎలాగో మేం తిరిగి తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా ప్రైవేటు ఆరోగ్య బీమా సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డున్నవాళ్ళు, ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) ఉన్న ఉద్యోగులు తమ పథకం నిబంధనల్ని నెట్‌వర్క్ ఆసుపత్రిలోని మిత్ర డెస్క్ దగ్గరే అడగండి. దారి వేరు.

మొదట పాలసీలో ఆరో మినహాయింపు చదవండి

పాలసీ కాగితాల్లో ఏవేవి ఇవ్వరో చెప్పే భాగం ఒకటుంటుంది. బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఈ మినహాయింపులన్నిటికీ ఒకే మాటలు, ఒకే నంబర్లు ఖాయం చేసింది. అందుకే ఏ కంపెనీ పాలసీ తీసినా కోడ్ 06 దగ్గర ‘ఒబేసిటీ, వెయిట్ కంట్రోల్’ అని కనపడుతుంది. పైకి చదివితే స్థూలకాయం ఆపరేషన్ ఖర్చు ఇవ్వరని భయపెడుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఏజెంట్లు కూడా అక్కడే ఆపేసి "రాదండీ" అనేస్తారు. కింది వాక్యాలు కూడా చదవాలి. అసలు అర్థం ఏమిటంటే, ఫలానా షరతులన్నీ నెరవేరకపోతే ఇవ్వం అని. నెరవేరితే ఇవ్వాలి.

ఆ షరతులు ఇవి. ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి. వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి. పేషెంటుకి 18 ఏళ్ళు నిండి ఉండాలి. బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. లేదా 35, ఆపైన ఉండి, దానికి తోడు నాలుగు జబ్బుల్లో ఒకటుండి, కోత లేని పద్ధతుల్లో బరువు తగ్గే ప్రయత్నం విఫలమై ఉండాలి. ఆ నాలుగు జబ్బులు: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరం జబ్బు (కార్డియోమయోపతి), గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 సుగరు.

ఇక్కడ ఒక తిరకాసుంది, దాన్ని ముందే తెలుసుకుంటే డాక్టరు మీద కోపం రాదు. 40, 35 అనే గీతలు 1991లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ సమావేశం గీసినవి. 2022లో బేరియాట్రిక్ సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు వాటిని కిందికి దించాయి. బీఎంఐ 35 ఉంటే వేరే జబ్బు లేకపోయినా చేయొచ్చని, 30 ఉండి సుగరు లాంటి మెటబాలిక్ జబ్బుంటే ఆలోచించవచ్చని, ఆసియా వాళ్ళకి ఇంకా తక్కువ అంకెలే సరిపోతాయని చెప్పాయి. మనవాళ్ళకి తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని సుగరు వస్తుంది కదా, ఆ లెక్క. కనుక విశాఖలో సర్జన్ మీ 33 బీఎంఐ చూసి "చేయించుకోవచ్చమ్మా" అంటే ఆయన చెప్పింది తప్పు కాదు. పాలసీ మాత్రం పాత గీత దగ్గరే నిలబడి ఉంది. డాక్టరు ‘అర్హత ఉంది’ అంటే ఆపరేషన్‌కి అర్హత అని అర్థం, ఇన్సూరెన్స్‌కి అని కాదు. ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి.

కొన్ని పాలసీలు ఈ ఆపరేషన్‌కి విడిగా పరిమితి పెడతాయి, ఐదు లక్షల పాలసీ అయినా దీనికి ఇంతే అని. ఆ వాక్యం కోసం కూడా వెతకండి. ఇంగ్లీషు కొరకరాని కొయ్యగా ఉంటే, ‘కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్’ తెలుగులో కావాలని కంపెనీని అడగండి. పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలన్నది నిబంధనే.

ఎత్తు, తర్వాత బరువు

లెక్క సులువు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి బరువు కిలోల్లో కొట్టండి. దాన్ని ఎత్తుతో, అంటే మీటర్లలో, ఒకసారి భాగించండి. వచ్చిన దాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగించండి. అంతే. మా అప్ప లెక్క: 86.4ని 1.54తో రెండుసార్లు భాగిస్తే 36.4. అదే 1.575తో రెండుసార్లు భాగిస్తే 34.8. మనిషి మారలేదు, బరువు మారలేదు. ఎత్తు రెండుసార్లు భాగిస్తుంది కాబట్టి దాంట్లో చిన్న తప్పు పెద్ద తేడా తెస్తుంది.

ఏ ఎత్తుకి ఎంత బరువు దగ్గర గీత పడుతుందో చూడండి. మొదటి అంకె 35కి, రెండోది 40కి:

150 సెం.మీ. — 78.8 కిలోలు, 90 కిలోలు
155 సెం.మీ. — 84.1, 96.1
160 సెం.మీ. — 89.6, 102.4
165 సెం.మీ. — 95.3, 108.9
170 సెం.మీ. — 101.2, 115.6
175 సెం.మీ. — 107.2, 122.5

గీతకి చాలా పైన ఉన్నవాళ్ళకి ఈ భాగంతో పెద్దగా పని లేదు. ఒకటి రెండు పాయింట్ల దూరంలో ఉన్నవాళ్ళు మాత్రం ఎత్తుని బంగారం తూచినట్టు కొలిపించుకోవాలి.

ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇంట్లో ఒకసారి కొలుచుకోండి. చెప్పులు విడిచి, గచ్చు సమంగా ఉన్న చోట గోడకి ఆనుకుని నిలబడండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకి తగలాలి. చూపు తిన్నగా ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. ఆడవాళ్ళు కొప్పు విప్పేయాలి, క్లిప్పు తీసేయాలి. నవ్వకండి, మా అప్పకి ఒక చోట నర్సమ్మ ముడి మీదనుంచే కొలిచేసింది. అట్టపుస్తకం ఒకటి తల మీద బల్లపరుపుగా ఆనించి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, ఇనుప టేపుతో కొలవాలి. దర్జీ టేపు వాడితే సాగుతుంది. పొద్దున్న లేచిన వెంటనే మనిషి కాస్త పొడుగ్గా ఉంటాడు, సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు కుంగి సెంటీమీటరు దాకా తగ్గొచ్చు. కాబట్టి మరీ తెల్లారగట్ల కొలిచింది, సాయంత్రం ఆసుపత్రిలో కొలిచింది కలవకపోతే కంగారు పడకండి. ఓపీ వేళకి కొలిపించుకుని, అదే అంకె అన్ని కాగితాల్లో ఉండేలా చూసుకోండి. ఒక చీటీలో 154, ఇంకోదాంట్లో 5.2, మూడోదాంట్లో 156 ఉంటే, కంపెనీ తనకి అనుకూలమైనదే పట్టుకుంటుంది.

బరువు మాటకొస్తే, కిరాణా కొట్టు కాటా మీద ఎక్కి చూసుకోవడం మన తృప్తికి పనికొస్తుంది. పూర్వం రైల్వే స్టేషన్‌లో రూపాయి బిళ్ళ వేస్తే జాతకంతో పాటు బరువు టికెట్టు వచ్చేది, అదీ అంతే. మీకు కావలసింది తేదీ, బరువు, ఎత్తు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర, ఈ ఐదూ ఉన్న కాగితం. శ్రీకాకుళం రిమ్స్ ఓపీలో గానీ, విజయనగరం మహారాజా ఆసుపత్రిలో గానీ, రాగోలు, నెల్లిమర్ల మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో గానీ, మీ ఊరి పీహెచ్‌సీలో గానీ ఓపీ చీటీ రాయించుకుని, "సార్, ఎత్తూ బరువూ కూడా కొలిచి రాయండి" అని అడగండి. అడగకపోతే జనం రద్దీలో ఎవరూ రాయరు. ఊహించి రాయబోతే మర్యాదగానే "కొలవండి సార్" అనండి. ఆ ఒక్క మాట ఆ రోజు ఆ క్లినిక్‌లో మేం అనలేదు.

నెలకోసారి, ఒకే చోట, ఒకే కాటా మీద కొలిపించుకుంటూ ఆరు నెలల చీటీలు దాచండి. పాలసీ నిబంధనలో ‘ఆరు నెలలు’ అని లేదు, అయినా చరిత్ర ఉన్న ఫైలుకి ప్రశ్నలు తక్కువొస్తాయి.

గీతకి కొంచెం కింద ఉన్నవాళ్ళకి

బీఎంఐ 34 అని తేలగానే ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా అంటాడు: "ఏటుంది, రెండు నెలలు బాగా తినీ, మూడు కిలోలొస్తాయి, కాగితం వచ్చీసినాక తగ్గొచ్చు." మాకూ ఒక బావగారు అన్నారు. ఆ పని చేయకండి. ఊబకాయం ఉన్నవాళ్ళలో కాలేయం అప్పటికే కొవ్వెక్కి ఉబ్బి ఉంటుంది. సర్జన్ కెమెరాతో జీర్ణకోశం చేరాలంటే ఆ కాలేయం ఎడమ భాగాన్ని పైకెత్తాలి. కావాలని తిని పెంచితే అది ఇంకా ఉబ్బుతుంది, చేతికి జారుతుంది, నెత్తురు కారుతుంది. సుగరు పెరుగుతుంది, మత్తు ఇచ్చే డాక్టరుకి తలనొప్పి పెరుగుతుంది. పైగా మీ పాత చీటీల్లో తక్కువ బరువుండి, ఆపరేషన్‌కి ముందు ఒక్కసారిగా పెరిగితే ఫైలు చదివేవాడికి కూడా అర్థమవుతుంది. జేబుల్లో బరువులు పెట్టుకుని కాటా ఎక్కడం లాంటి తెలివి గురించి చెప్పనే అక్కర్లేదు. అది మోసం కిందికి వస్తుంది, ఈ క్లెయిమే కాదు, మొత్తం పాలసీయే పోతుంది.

నిజంగా గీత కింద ఉంటే మీకున్న దారులు వేరు. మందులతో ప్రయత్నించడం ఒకటి. మన దేశంలో 2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు, మౌంజారో, వెగోవీ వచ్చాయి. వచ్చిన కొత్తలో వాటి నెల ఖర్చు తక్కువేం కాదు, ఇన్‌పేషెంట్ పాలసీ (ఆసుపత్రిలో చేరితే ఇచ్చేది) ఆ ఖర్చు ఇవ్వదు, డాక్టరు చూపు లేకుండా మందుల షాపులో అడిగి వాడేవి కావు. రెండోది సొంత డబ్బుతో ఆపరేషన్. ఇంత జబ్బు లేనివాళ్ళు అప్పు చేసి మరీ దీనికి వెళ్ళాలా అన్నది మీరూ మీ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. నా మటుకు నేను తొందరపడొద్దనే చెప్తాను.

జబ్బు ఉంటే సరిపోదు, ‘ఆ మాట’ కాగితంలో ఉండాలి

బీఎంఐ 40, ఆపైన ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. 35, 40 మధ్య ఉన్నవాళ్ళే, అంటే మనలో ఎక్కువమంది, ఇక్కడ జారిపడేది.

మోకాళ్ళ నొప్పులు, థైరాయిడ్, బీపీ, పీసీఓడీ, ఫ్యాటీ లివర్, పిల్లలు కలగకపోవడం. ఇవన్నీ డాక్టరు ఆపరేషన్ చెప్పడానికి బలమైన కారణాలే. పాలసీలోని నాలుగు జబ్బుల జాబితాలో మాత్రం వీటిలో ఒక్కటీ లేదు. సర్జన్ ఉత్తరంలో ఇవి రాసి, ఉన్న సుగరు మాట కింద ఎక్కడో చిన్నగా రాస్తే, చూసేవాడు పైన చదివి తోసేస్తాడు. జాబితాలో ఉన్న జబ్బు ముందు రాయమనండి, మిగతావి తర్వాత.

సుగరుకి: నిబంధన ‘అదుపులో లేని’ అంటుంది. ఉత్త ‘టైప్ 2 డయాబెటిస్’ అని ఉంటే చాలదు. హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెప్తుంది, కాబట్టి మూడేసి నెలల ఎడంతో చేయించిన రిపోర్టులు రెండు మూడు ఉంటే ‘అప్పుడప్పుడూ పెరిగింది’ అనే మాటకి చోటుండదు. మామూలుగా డాక్టర్లు 7 లోపు ఉండాలంటారు. అప్పది మాత్రలతో పాటు ఇన్సులిన్ వాడుతున్నా 9 దిగలేదు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పట్నుంచి అన్న చీటీలు వరుసగా పెట్టి, "ఇన్ని మందులు వాడుతున్నా అదుపులో లేదు" అని సుగరు డాక్టరు చేత ఒక వాక్యం రాయించాం. ఫైలంతటికీ అదే ప్రాణం.

గురకకి: బావ గురక వల్ల అప్పకి నిద్ర లేదు, అప్ప గురక వల్ల బావకి లేదు, అది ఇంట్లో నవ్వులాటకి సరిపోతుంది. కంపెనీకి రాత్రి నిద్రలో చేసే స్లీప్ స్టడీ రిపోర్టు కావాలి. దాంట్లో ఏహెచ్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నగిల్లిందో చెప్పేది. 30, ఆపైన ఉంటే తీవ్రం. 15 నుంచి 30 లోపు మధ్యస్థం, అది ఈ నిబంధనకి అందదు. గుండె జబ్బులకైతే ఎకో, యాంజియోగ్రామ్ రిపోర్టులు ఉంటాయి, వాటి గురించి నేను చెప్పేదేం లేదు.

ప్రయత్నించి ఓడిపోయారని చూపించండి

మన ఇళ్ళలో అందరం ఏదో ఒకటి ప్రయత్నించే ఉంటాం. అన్నం మానేసి చపాతీ, పెద్ద చెరువు గట్టు మీద నడక, ఆరు నెలలు జిమ్ములో చందా కట్టి రెండు నెలలు వెళ్ళడం. రాసి ఉంచం, అంతే. డైటీషియన్ దగ్గరికి వెళ్తే చీటీ తీసుకోండి, జిమ్ రసీదు పారేయకండి, బరువు తగ్గడానికి వాడిన మందుల బిల్లులు దాచండి. మొదటి డైటీషియన్ అప్పకి ఓట్సు రాసిచ్చింది. అప్ప వారంలో మానేసింది. రెండో ఆవిడ దగ్గర "నాను చోడి అంబలి తాగీదాన్ని, అది రాయండి" అని నిక్కచ్చిగా చెప్పింది. ఆవిడ నవ్వి చోడి (రాగి) అంబలి, ఉడికించిన గుడ్డు, పెసరట్టు, కూరలతో కొత్త చార్టు రాసింది. అది మూడు నెలలు నిలబడింది. నోటికి అలవాటైన తిండి రాయించుకుంటే చార్టు పాటించే వీలుంటుంది, పాటించిన చార్టుకే కాగితంగా విలువ.

ఆ మూడు నెలల్లో అప్ప నాలుగు కిలోలు తగ్గి, తర్వాత నాలుగు నెలల్లో ఐదు పెరిగింది. సిగ్గుపడి ఆ తగ్గిన నెలల చీటీలు తీసేద్దామంది. వద్దన్నాను. తగ్గి మళ్ళీ పెరగడమే ఈ జబ్బు తీరు, ‘విఫలం’ అనే మాటకి అంతకన్నా మంచి రుజువు ఏముంటుంది.

పాలసీ వయసు, ఫారంలో రాసిన బరువు

కొత్తగా పాలసీ తీసుకుని వెంటనే ఆపరేషన్ అంటే కుదరదు. ముందే ఉన్న జబ్బులకి ఆగాల్సిన కాలం గరిష్ఠంగా 36 నెలలు. 2024 ఏప్రిల్‌కి ముందు అది 48 నెలలుండేది. కొన్ని పాలసీల్లో బేరియాట్రిక్ సర్జరీకి విడిగా కూడా ఆగాల్సిన కాలం రాసి ఉంటుంది, అదీ చూసుకోండి. కంపెనీ మారినా పోర్టబిలిటీ (పాత పాలసీని కొత్త కంపెనీకి మార్చుకోవడం) కింద మారితే పాత సంవత్సరాలు పోవు. మధ్యలో రెన్యువల్ తప్పితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది.

ఉద్యోగం చేసేచోట ఇచ్చే గ్రూపు పాలసీల్లో తరచూ ఈ ఆగాల్సిన కాలం ఉండదు. అప్పది బావ కంపెనీ గ్రూపు పాలసీయే. ఐతే ఉద్యోగం మారితే ఆ రోజుతోనే అది పోతుంది. ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్ళు రాజీనామా తేదీ పక్కన ఈ లెక్క వేసుకోవాలి. హెచ్ఆర్ వాళ్ళకి ఫోన్ చేసి ‘బేరియాట్రిక్ ఉందా’ అంటే నోటితో ఉందనేస్తారు. పాలసీ కాపీ మెయిల్‌లో పంపమనండి.

ఇక మన ప్రాంతంలో ఎక్కువగా చూసే చిక్కు ప్రపోజల్ ఫారం. ఏజెంటు ఎప్పుడో ఇంటికొచ్చి, కాఫీ తాగి, మీ చేత నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకుని, ఎత్తు బరువు గళ్ళు తర్వాత తనే నింపుతాడు. ప్రీమియం పెరగకూడదని 95 కిలోల మనిషికి 68 రాస్తాడు. ఇవాళ మీ ఫైల్లో ‘పదేళ్ళుగా ఊబకాయం’ అని సర్జన్ రాస్తే, కంపెనీ పాత ఫారం తీసి పక్కన పెడుతుంది. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టాక, మోసమని రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న సాకుతో క్లెయిమ్ తోసేయడానికి లేదు. ఐదేళ్ళు నిండని పాలసీ అయితే ఇప్పుడే ఫారం కాపీ తెప్పించుకుని చూడండి. తప్పుంటే సరిదిద్దమని కంపెనీకి రాయండి. ప్రీమియం పెంచొచ్చు, పాలసీయే వద్దనొచ్చు కూడా. ఆపరేషన్ బల్ల ఎక్కాక తెలియడం కన్నా ఇది నయం. కొత్తగా తీసుకునేవాళ్ళు గళ్ళన్నీ నిండాకే సంతకం పెట్టండి. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోగా నచ్చకపోతే వెనక్కివ్వొచ్చు, ఆ నెలలోనే ఒకసారి కూర్చుని చదవండి.

ఆసుపత్రి, ప్రీ ఆథరైజేషన్ (ఆపరేషన్‌కి ముందే కంపెనీ అనుమతి)

మన జిల్లాల నుంచి ఈ ఆపరేషన్‌కి ఎక్కువమంది విశాఖ వెళ్తారు. ఆసుపత్రి మీ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉందో లేదో కంపెనీ వైపు నుంచి కనుక్కోండి, ఆసుపత్రి రిసెప్షన్ మాట మీద బస్సెక్కకండి. సర్జన్ ఒక్కరినే కలిస్తే పని అయిపోదు. డైటీషియన్, గుండె డాక్టరు, మత్తు డాక్టరు, సుగరు డాక్టరు, మనస్తత్వ నిపుణులు కూడా చూస్తారు, ఎండోస్కోపీ చేస్తారు. మనస్తత్వ నిపుణుల పేరు వినగానే అప్ప "నాకేటి పిచ్చా" అని బయటికొచ్చేసింది. తిండి అలవాట్లు, దిగులు, ఆపరేషన్ తర్వాత జీవితాంతం పాటించాల్సినవి తట్టుకోగలరా అని మాట్లాడతారు, అంతే. ఒక్క రోజులో అందరూ దొరికేలా ముందే ఫోన్ చేసుకుంటే శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి నాలుగుసార్లు తిరగక్కర్లేదు.

సర్జన్ ఉత్తరంలో ఇవి ఉండాలి: కొలిచిన ఎత్తు, కొలిచిన బరువు, తేదీ, బీఎంఐ, జాబితాలోని జబ్బు పేరు తీవ్రతతో సహా, చేసిన ప్రయత్నాలు, చేయబోయే ఆపరేషన్ పేరు, అంటే స్లీవో (జీర్ణకోశాన్ని కోసి చిన్నది చేయడం) బైపాసో (తిండి దారి మళ్ళించడం). కంపెనీకి పంపే ముందు మీరు ఒకసారి చదువుతామనండి. ఇవ్వమని విసుక్కున్నా అడగండి. అక్కడే క్యాలిక్యులేటర్ తీసి బీఎంఐ వేసి చూడండి. గది అద్దె పరిమితి కూడా అప్పుడే చూడండి. ఐదు లక్షల పాలసీలో రోజుకి ఒక శాతం అని ఉంటే ఐదు వేల గది. ఏడు వేల గది తీసుకుంటే తేడా రెండు వేలే కదా అనుకుంటారు, కానీ చాలా పాలసీల్లో సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు.

క్యాష్‌లెస్ అడిగిన గంటలో తేల్చాలని 2024లో ఐఆర్‌డీఏఐ చెప్పింది. అయినా ఇలాంటి ఆపరేషన్‌కి ప్రశ్నలు రావడం మామూలు. చేరే రోజు కాకుండా కనీసం నాలుగైదు రోజుల ముందే పంపించండి.

ఆపరేషన్ ముందు రెండు వారాలు: ఇక్కడే అందరికీ గుండె ఆగేది

సర్జన్ ఆపరేషన్‌కి ముందు పది పద్నాలుగు రోజులు బాగా తక్కువ కేలరీల డైట్ పెడతారు, ఎక్కువగా ప్రోటీన్ పొడి, పలచని ద్రవాలు. ఇందాక చెప్పిన కాలేయాన్ని కుదించడానికి. ఆ రోజుల్లో నాలుగైదు కిలోలు పోవచ్చు. అప్ప 82.2కి దిగింది. బీఎంఐ 34.7! ఆసుపత్రిలో చేరేనాటి కాటా మీద ఆ అంకె చూసి బావ మొహం పాలిపోయింది, "తినమని చెప్పాల్సింది" అన్నాడు. తినకూడదు. డైట్ ఎగ్గొడితే దెబ్బ తినేది కడుపులో.

దీనికి మందు ముందే వేయాలి. డైట్ మొదలయ్యే రోజు బరువు కొలిపించి సర్జన్ సంతకంతో రాయించండి. ‘ఈ తేదీ నుంచి ఆపరేషన్ కోసం డైట్ మొదలుపెట్టాం, బరువు తగ్గడం ఊహించినదే’ అని అదే కాగితంలో ఉండాలి. ప్రీ ఆథరైజేషన్ ఆ బరువుతో వెళ్ళాలి. డైట్‌కి ముందు బరువునే లెక్కలోకి తీసుకుంటారా అని టీపీఏకి (కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి) మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో రెండు బరువులూ, రెండు తేదీలతో ఉండాలి. చేరేనాటిది ఒక్కటే టైప్ చేస్తే, చివరి బిల్లు దగ్గర మళ్ళీ మొదలవుతుంది. సుగరు విషయమూ ఇంతే. డైట్‌లో సుగరు దిగుతుంది, ఆ వారం రిపోర్టు చూసి ‘అదుపులోనే ఉంది కదా’ అనకుండా పాత రిపోర్టులు వెనక ఉండాలి.

కాదంటే

క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమే కాదన్నట్టు కాదు. కారణం రాతపూర్వకంగా, పాలసీలో ఏ నిబంధన కిందో చెప్తూ ఇమ్మనండి. మాకొచ్చిన కాగితంలో ‘బీఎంఐ 34.8’ అని స్పష్టంగా ఉంది కనుక తప్పెక్కడో పది నిమిషాల్లో తెలిసింది. ఆసుపత్రిలో స్టాండు మీద మళ్ళీ కొలిపించి, పాత చీటీలో అంకె కొలిచింది కాదని సర్జన్ చేత ఉత్తరం రాయించి పంపాం. రెండోసారి వచ్చింది.

అలా తేలకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్లోనూ, 155255 నంబరుకి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) ఉన్నారు. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాదులో. కంపెనీ కాదన్న ఏడాదిలోగా వెళ్ళాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్లో వేయొచ్చు, విచారణ వీడియోలో కూడా జరుగుతుంది, కాబట్టి రాత్రి రైలెక్కాలన్న భయం వద్దు. కావలసినవి మళ్ళీ ఆ చీటీలే.

ఇంటికొచ్చాక

ఆపరేషన్ తర్వాత 60 రోజులో 90 రోజులో, మీ పాలసీలో ఎన్ని రాసుంటే అన్ని రోజుల మందులు, పరీక్షల బిల్లులు అడగొచ్చు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాల్సినవే, గడువులో పడేంతవరకు ఆ బిల్లులు వదులుకోకండి. బాగా తగ్గాక పొట్ట చర్మం వేలాడితే దాన్ని తీసే ఆపరేషన్ అందం కోసం చేసేదిగా లెక్కేసి సాధారణంగా ఇవ్వరు.

బావ ఈమధ్య కంపెనీ మారాడు. అప్ప ముందుజాగ్రత్తగా సొంతంగా ఒక పాలసీ తీసుకుంటూ ఆపరేషన్ సంగతి, పాత బరువు, కొత్త బరువు అన్నీ ఫారంలో రాసింది. ఎత్తు గడిలో 154 వేసింది. అమ్మ ముందు మాత్రం ఇప్పటికీ ఐదూ రెండే.